సందర్శక వీసా: దరఖాస్తు నింపడం నుంచి ఫీజు చెల్లించడం దాకా

వేరే దేశానికి కొద్దిరోజుల కోసం వెళ్లేందుకు కట్టే వీసా ఫీజును చాలామంది వీసాకు వెల అనుకుంటారు. నిజానికి అది మన కాగితాలను ఒక అధికారి పరిశీలించి నిర్ణయం చెప్పేందుకు తీసుకునే రుసుము. అందువల్లే వీసా నిరాకరించినా ఆ డబ్బు సాధారణంగా తిరిగి రాదు; తప్పు రకం వీసాకు దరఖాస్తు పెట్టినా, చివరకు ప్రయాణమే మానుకున్నా అంతే. ఈ సంగతి గుర్తుంచుకుంటే పనుల వరుస సులభంగానే తేలుతుంది. ఏ అనుమతి కావాలో నిర్ధారించుకోవడం, పాస్‌పోర్టు సరిచూసుకోవడం, కాగితాలు సమకూర్చుకోవడం, ఫారం నింపి ఇంకొకరి చేత కూడా చదివించడం పూర్తయ్యాకే చెల్లింపు పేజీ తెరవాలి. ఆన్‌లైన్ ఫారాలు వీలైనంత త్వరగా చెల్లింపు దగ్గరికి తీసుకుపోయేలా ఉంటాయి కాబట్టి ఈ వరుసను మనమే పట్టుబట్టి పాటించవలసి వస్తుంది.

ఏ అనుమతి, ఎవరిని అడగాలి

మొదట తేల్చుకోవలసింది మనకు వీసా అవసరమా కాదా, అవసరమైతే అది ఏ రూపంలో ఉంటుంది అన్న విషయం. కొన్ని దేశాల పౌరులు కొన్ని దేశాలకు వీసా లేకుండానే వెళ్లవచ్చు. కొన్నిచోట్ల బయలుదేరేముందు ఆన్‌లైన్‌లో ప్రయాణ అనుమతి తీసుకుంటే సరిపోతుంది. అమెరికా వారి ఎస్టా, కెనడా వారి ఈటీఏ ఈ కోవలోవే. మరికొన్ని దేశాలు ఈ-వీసా ఇస్తాయి, ఇంకొన్ని విమానాశ్రయంలో దిగాక వీసా ఇస్తాయి. మిగిలిన చోట్ల ముందుగా దరఖాస్తు పెట్టుకుని, పాస్‌పోర్టులో స్టిక్కర్ వేయించుకునే పాత పద్ధతే ఉంది. వీటిలో మనకు ఏది వర్తిస్తుందన్నది ప్రధానంగా మన పౌరసత్వాన్ని బట్టి నిర్ణయమవుతుంది. వేరే దేశపు నివాస అనుమతో, చెల్లుబాటులో ఉన్న మరో దేశపు వీసానో ఉన్నవారికి కొన్ని దేశాలు మినహాయింపు ఇస్తాయి కాబట్టి ఆ నిబంధనను కూడా చదవాలి.

దారిలో విమానం మారే దేశం సంగతి తరచుగా మరుగున పడుతుంది. ఒకే టికెట్‌పై ప్రయాణిస్తూ విమానాశ్రయం దాటి బయటికి రాకపోతే చాలాచోట్ల ట్రాన్సిట్ వీసా అక్కరలేదు. రెండు వేర్వేరు టికెట్లు కొని, మధ్యలో సామాను తీసుకుని మళ్లీ చెకిన్ చేయవలసి వస్తే మాత్రం ఆ దేశంలోకి ప్రవేశించినట్టే లెక్క, దానికి తగిన వీసా ఉండాలి. ఒకే ఉమ్మడి స్వల్పకాలిక వీసా ఇచ్చే ఐరోపాలోని షెంజెన్ దేశాలు కొన్ని దేశాల పౌరులకు విమానాశ్రయం దాటకపోయినా ‘ఏ’ (A) అనే రకం ట్రాన్సిట్ వీసా తప్పనిసరి చేశాయి. విమానయాన సంస్థలు చెకిన్ వేళ ఈ నిబంధనలను టైమాటిక్ అనే సమాచార వ్యవస్థలో చూసుకుంటాయి. అక్కడ తేడా కనిపిస్తే విమానం ఎక్కనివ్వవు.

సమాచారం కోసం వెతికేటప్పుడు శోధన ఫలితాల్లో పైన కనిపించే ప్రకటనలను దాటి కిందికి వెళ్లడం మంచిది. ప్రభుత్వ వెబ్‌సైటును పోలిన పేరు, జెండా, రంగులతో నడిచే మధ్యవర్తి సైట్లు చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని పూర్తి మోసం. కొన్ని మన ఫారాన్నే అసలు సైటులో నింపిపెట్టి అసలు ఫీజుకు ఎన్నో రెట్లు వసూలు చేసేవి. చిరునామా చివర అమెరికాకు డాట్ గవ్, బ్రిటన్‌కు డాట్ గవ్ డాట్ యూకే, ఆస్ట్రేలియాకు డాట్ గవ్ డాట్ ఏయూ ఉండాలి. చాలా దేశాలు దరఖాస్తులు స్వీకరించే పనిని వీఎఫ్‌ఎస్ గ్లోబల్, టీఎల్‌ఎస్ కాంటాక్ట్, బీఎల్‌ఎస్ ఇంటర్నేషనల్ వంటి సంస్థలకు అప్పగించాయి. అవి కాగితాలు తీసుకుని, వేలిముద్రలు నమోదు చేసి, రాయబార కార్యాలయానికి పంపుతాయి. వీసా ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయంలో వాటికి పాత్ర లేదు. ఆ సంస్థల పేరుతో కూడా నకిలీ సైట్లు ఉంటాయి కాబట్టి, ముందుగా రాయబార కార్యాలయం సైటు తెరిచి అక్కడ ఇచ్చిన లింకు ద్వారానే వాటిలోకి వెళ్లాలి.

ఐరోపాలోని షెంజెన్ ప్రాంతంలో 29 దేశాలకు ఒకే స్వల్పకాలిక వీసా చెల్లుతుంది. అయితే దరఖాస్తును మనకు నచ్చిన దేశానికి పెట్టుకునే వీలు లేదు. ఎక్కువ రోజులు ఉండబోయే దేశానికి, లేదా ప్రయాణ ప్రధాన ఉద్దేశం ఏ దేశంతో ముడిపడిందో ఆ దేశానికి పెట్టాలి. రెండు మూడు దేశాల్లో సమానంగా ఉంటే మొదట అడుగుపెట్టే దేశానికి పెట్టాలి. ఫలానా దేశం తేలికగా వీసా ఇస్తుందని విని అక్కడ దరఖాస్తు పెట్టి, తిరుగుడంతా మరో దేశంలో చూపించేవారి కాగితాలు అక్కడే అనుమానానికి తావిస్తాయి.

కాలం, పాస్‌పోర్టు

షెంజెన్ వీసాకు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. బ్రిటన్ సందర్శక వీసాకు 3 నెలల ముందు నుంచి వీలుంటుంది. అమెరికా వీసాకు ఇంటర్వ్యూ తేదీ దొరకడమే పెద్ద పని. కాన్సులేటును బట్టి ఆ నిరీక్షణ నెలల తరబడి ఉండవచ్చు. నిబంధన ఒప్పుకునే తొలి రోజుల్లోనే దరఖాస్తు పెట్టడం నా ఉద్దేశంలో సరైన పద్ధతి, ఎందుకంటే సెలవుల కాలంలో స్లాట్లు దొరకవు, అదనపు కాగితాలు అడిగితే వాటికీ సమయం కావాలి.

పాస్‌పోర్టు గడువు తిరిగి వచ్చే తేదీ దాకా ఉంటే చాలదు. చాలా దేశాలు 6 నెలల గడువు అడుగుతాయి. షెంజెన్ దేశాలు తమ ప్రాంతం విడిచే తేదీ తర్వాత కనీసం 3 నెలలు, జారీ అయి 10 సంవత్సరాలు దాటకుండా, రెండు ఖాళీ పేజీలతో ఉండాలంటాయి. గడువు దగ్గరపడుతుంటే ముందుగా పాస్‌పోర్టు మార్చుకోవాలి. దరఖాస్తు మొత్తం పాస్‌పోర్టు నంబరుతో ముడిపడి ఉంటుంది కాబట్టి ఫీజు కట్టాక నంబరు మారితే చిక్కులు వస్తాయి.

ఫారంలో చూసుకోవలసినవి

పేరును పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలతోనే రాయాలి. ఇంటిపేరు, పెట్టిన పేరు విడివిడిగా అడిగినప్పుడు అనుమానం వస్తే పాస్‌పోర్టు మొదటి పేజీ అడుగున యంత్రం చదివేలా ముద్రించిన రెండు వరుసలను చూడాలి. అక్కడ పేరు మధ్యలో << అని కనిపించే రెండు గుర్తుల విరామానికి ముందున్నది ఇంటిపేరు, తర్వాతది పెట్టిన పేరు. పేరంతా ఒకే గడిలో ఉన్నవారు ఆ దేశపు సూచనలను ప్రత్యేకంగా చదవాలి. అమెరికా ఫారంలో అలాంటివారు పెట్టిన పేరు గడిలో ఎఫ్‌ఎన్‌యూ (FNU, అంటే పెట్టిన పేరు తెలియదని) రాయవలసి ఉంటుంది. తేదీల వరుస కూడా దేశానికో తీరుగా ఉంటుంది. 05/08 అన్నది ఒకచోట ఆగస్టు 5, మరోచోట మే 8.

అమెరికా వీసాకు ఆన్‌లైన్‌లో నింపే డీఎస్-160 ఫారం సుమారు 20 నిమిషాలు కదలిక లేకపోతే దానంతటదే మూసుకుపోతుంది. మొదట్లోనే ఇచ్చే దరఖాస్తు గుర్తింపు సంఖ్యను రాసిపెట్టుకుని, ప్రతి పేజీ పూర్తికాగానే భద్రపరచుకుంటూ వెళ్లాలి. గత ఐదేళ్లలో వాడిన సామాజిక మాధ్యమాల ఖాతాల పేర్లను కూడా ఆ ఫారం అడుగుతుంది. పాత ప్రయాణాలు, చిరునామాలు, ఉద్యోగాలు, తల్లిదండ్రుల పుట్టిన తేదీలు వంటివి చాలా దేశాల ఫారాలు అడుగుతాయి కాబట్టి ఇవన్నీ ఒక కాగితం మీద సిద్ధం చేసుకుని కూర్చుంటే పని సగమవుతుంది.

గతంలో వీసా నిరాకరణ జరిగిందా అన్న ప్రశ్నకు నిజమే రాయాలి. ఇది నీతి కోసం చెప్పడం లేదు. షెంజెన్ దేశాలకు ఉమ్మడి వీసా సమాచార వ్యవస్థ ఉంది. మరికొన్ని దేశాలు వివరాలను పరస్పరం సరిచూసుకుంటాయి. నిరాకరణను ఒప్పుకుని, అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందో వివరించిన దరఖాస్తుకు వీసా రావచ్చు. దాచి దొరికిపోతే మాత్రం కెనడా 5 సంవత్సరాలు, బ్రిటన్ 10 సంవత్సరాలు తలుపు మూయగలవు. అమెరికా చట్టం ప్రకారం ప్రత్యేక మినహాయింపు దొరికితే తప్ప అది శాశ్వత అనర్హత.

ఏజెంటు చేత ఫారం నింపించుకున్నా అందులోని ప్రతి మాటకూ బాధ్యత సంతకం చేసినవారిదే. ఫారంలో ఏజెంటు ఈమెయిలు, ఏజెంటు ఫోన్ నంబరు ఇవ్వనివ్వకూడదు, ఎందుకంటే అదనపు కాగితాలు అడిగే ఉత్తరం, ఇంటర్వ్యూ మార్పు, నిర్ణయం అన్నీ ఆ చిరునామాకే వస్తాయి. లాగిన్ వివరాలు మన దగ్గరే ఉండాలి. వీసాకు హామీ ఇస్తామనేవారిని నేనైతే ఆ ఒక్క మాటతోనే పక్కన పెడతాను.

కాగితాలన్నీ ఒకే కథ చెప్పాలి

అధికారి ముందున్న ప్రశ్నలు నిజానికి నాలుగే. ఎందుకు వస్తున్నారు, ఎన్నాళ్లు ఉంటారు, ఖర్చు ఎవరిది, తిరిగి ఎందుకు వెళతారు. ఏ జాబితా చూసినా అందులోని ప్రతి కాగితమూ వీటిలో ఒకదానికి జవాబుగా ఉంటుంది. అందువల్ల ఎన్ని కాగితాలు పెట్టామన్న దానికన్నా అవి ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా అన్నదే ముఖ్యం. సెలవు మంజూరు పత్రంలో పది రోజులుండి, హోటల్ బుకింగ్ ఇరవై రోజులకుంటే ఎంత మందపు ఫైలు ఇచ్చినా లాభం లేదు.

బ్యాంకు స్టేట్‌మెంట్ల విషయంలో అధికారులు చివర మిగిలిన మొత్తంతో పాటు అది ఎలా పోగైందో కూడా చూస్తారు. దరఖాస్తుకు కొద్ది రోజుల ముందు పెద్ద మొత్తం ఒక్కసారిగా జమైతే అది అప్పు తెచ్చి చూపినదేమో అనిపిస్తుంది. నిజంగా ఆస్తి అమ్మినందువల్లో, డిపాజిట్ కాలం తీరినందువల్లో వచ్చినదైతే దానికి ఆధారం జతచేసి ఒక్క వాక్యంలో వివరిస్తే సరిపోతుంది. ఖర్చు వేరొకరు భరిస్తుంటే వారి ఉత్తరం, వారి ఆదాయపు ఆధారం, వారితో బంధుత్వానికి రుజువు కావాలి. అక్కడి బంధువులు ఆహ్వానిస్తుంటే వారు ఆ దేశంలో ఏ హోదాలో ఉన్నారో చూపే పత్రం కూడా జతచేయాలి. పిల్లలు తల్లిదండ్రుల్లో ఒకరితోనే వెళుతుంటే రెండోవారి సమ్మతి పత్రం చాలా దేశాలు అడుగుతాయి. ఆ దేశం అంగీకరించని భాషలో ఉన్న పత్రాలకు ధ్రువీకరించిన అనువాదం జతచేయాలి.

టికెట్ విషయంలో జాగ్రత్త అవసరం. చాలా రాయబార కార్యాలయాలు ప్రయాణ ప్రణాళికనో, రిజర్వేషన్‌నో అడుగుతాయి కానీ డబ్బు కట్టేసిన టికెట్‌ను అడగవు. వీసా చేతికి వచ్చేదాకా తుది టికెట్లు కొనవద్దని అమెరికా విదేశాంగ శాఖ నేరుగానే చెబుతుంది. రద్దు చేసుకుంటే డబ్బు తిరిగివచ్చే బుకింగులే అప్పటికి చాలు. అలాగని అసలు లేని బుకింగును సృష్టించిన కాగితం పెట్టకూడదు, సరిచూడటం వారికి చిటికెలో పని. షెంజెన్ వీసాకు ప్రయాణ వైద్య బీమా తప్పనిసరి. దాని రక్షణ కనీసం 30,000 యూరోలు ఉండి, ఆ ప్రాంతం మొత్తానికీ, ఉండబోయే రోజులన్నిటికీ వర్తించాలి.

ఫొటో చిన్న విషయంలా కనిపించినా, దాని వల్ల వెనక్కి వచ్చే దరఖాస్తులకు కొదవ లేదు. షెంజెన్ దేశాలు 35 గుణకం 45 మిల్లీమీటర్ల కొలత అడిగితే అమెరికా 51 గుణకం 51 మిల్లీమీటర్ల చదరపు ఫొటో అడుగుతుంది. ఆరు నెలల లోపు తీసినదై ఉండాలి. అమెరికా వీసా ఫొటోలో 2016 నవంబరు నుంచి కళ్లజోడు పెట్టుకోనివ్వడం లేదు.

ఫీజు చెల్లింపు

చెల్లింపు ఏ దశలో వస్తుందన్నది దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాలకు ఆన్‌లైన్ దరఖాస్తు సమర్పించేటప్పుడే కట్టాలి. అమెరికాకు ఫీజు కట్టి, ఆ రశీదు ఆధారంగా ఇంటర్వ్యూ తేదీ తీసుకోవాలి; ఆ రశీదు 365 రోజుల పాటు చెల్లుతుంది, ఆ లోపు ఇంటర్వ్యూ తేదీ ఖరారు చేసుకోకపోతే వృథా అవుతుంది. షెంజెన్ వీసాకు చాలాచోట్ల దరఖాస్తు కేంద్రంలో కాగితాలు ఇచ్చే రోజున కడతారు, కొన్ని కేంద్రాలు అపాయింట్‌మెంట్ సమయంలోనే సేవా రుసుము తీసుకుంటాయి.

మొత్తం ఖర్చు ఒకే అంకెగా ఉండదు. షెంజెన్ వీసా ఫీజు 2024 జూన్ 11 నుంచి పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 సంవత్సరాల లోపు పిల్లలకు 45 యూరోలు, 6 సంవత్సరాల లోపువారికి ఉచితం; దీనికి దరఖాస్తు కేంద్రం సేవా రుసుము అదనం. కెనడా సందర్శక వీసాకు ఒక్కొక్కరికి 100 కెనడా డాలర్లు, వేలిముద్రలు ఇవ్వవలసినవారికి మరో 85 డాలర్లు. కుటుంబంగా ఒకేసారి దరఖాస్తు చేస్తే వేలిముద్రల రుసుముకు 170 డాలర్ల గరిష్ఠ పరిమితి ఉంది. అమెరికా సందర్శక వీసా (బీ1/బీ2) దరఖాస్తు ఫీజు 2023 జూన్ నుంచి 185 డాలర్లు, చంటిపిల్లలకు కూడా అంతే. వీసా మంజూరైనవారి నుంచి కనీసం 250 డాలర్లు అదనంగా వసూలు చేసేందుకు వీలు కల్పించే చట్టం అక్కడ 2025 జులైలో వచ్చింది. ఇలాంటి మార్పులు ఎప్పుడైనా అమల్లోకి రావచ్చు కాబట్టి, కట్టే రోజున అధికారిక పేజీలో ఉన్న మొత్తాన్నే ప్రమాణంగా తీసుకోవాలి.

దరఖాస్తు కేంద్రాలు కొరియర్, సందేశాల సేవ, ప్రత్యేక గది, ఫొటోకాపీలు అంటూ చూపించే అదనపు సేవలు ఐచ్ఛికం. పాస్‌పోర్టు ఇంటికి రావాలంటే కొరియర్ ఉపయోగమే. ప్రత్యేక గదిలో కూర్చుని ఇచ్చిన కాగితాలకు నిర్ణయంలో ఏ మొగ్గూ ఉండదు.

కార్డుతో కట్టేముందు అందులో అంతర్జాతీయ లావాదేవీలు అనుమతించి ఉన్నాయా, రోజువారీ పరిమితి సరిపోతుందా, ఓటీపీ వచ్చే ఫోన్ దగ్గర ఉందా అని చూసుకోవాలి. ఇవి సరిగా లేకపోవడమే చెల్లింపు విఫలం కావడానికి ఎక్కువసార్లు కారణం. చాలా సైట్లలో మన ఫీజును వేరొకరి కార్డుతో కట్టవచ్చు, కానీ దరఖాస్తు సంఖ్య మాత్రం మనదే ఉండాలి. విదేశీ కరెన్సీలో కట్టినప్పుడు బ్యాంకు మార్పిడి రుసుము వేస్తుంది కాబట్టి ఖాతాలో పోయే మొత్తం మనం లెక్కవేసుకున్న దానికన్నా కొంత ఎక్కువే ఉంటుంది. మన కరెన్సీలోనే కడతారా అని చెల్లింపు పేజీ ఆఫర్ చేస్తే, ఆ మారకపు రేటు తరచుగా బ్యాంకు రేటు కన్నా నష్టదాయకం. అసలు కరెన్సీనే ఎంచుకోవడం మేలు.

మీట నొక్కాక పేజీ తిరుగుతూ ఉంటే వెనక్కి వెళ్లడం, మళ్లీ నొక్కడం చేయకూడదు. ఖాతాలో డబ్బు తగ్గి, దరఖాస్తులో మాత్రం చెల్లించలేదని చూపిస్తే వెంటనే రెండోసారి కట్టకూడదు. ముందు ఈమెయిలు, స్పామ్ పెట్టె, దరఖాస్తు స్థితి చూడాలి. లావాదేవీ సంఖ్య, సమయం, తెర చిత్రం భద్రపరచాలి. విఫలమైన లావాదేవీల డబ్బు చాలావరకు కొద్ది రోజుల్లో తిరిగి జమవుతుంది. అలా జరగకపోతే ఆ వివరాలతో సహాయ కేంద్రానికి, బ్యాంకుకు రాయాలి. రెండుసార్లు కట్టేశాక ఒకటి వెనక్కి తెచ్చుకోవడానికి పట్టే కాలంతో పోలిస్తే ఈ నిరీక్షణ ఏపాటిది కాదు. కట్టడం పూర్తయ్యాక రశీదును పేజీ మూసేలోపే దాచుకోవాలి. ఏ కారణం చెప్పినా ఫీజును ఒక వ్యక్తి సొంత ఖాతాకు పంపకూడదు. అలా తీసుకునే రాయబార కార్యాలయం లేదు.

ఫీజు వెనక్కి వచ్చే సందర్భాలు తక్కువే అయినా అసలు లేకపోలేదు. బ్రిటన్ వీసాకు వేలిముద్రలు ఇవ్వకముందే దరఖాస్తు ఉపసంహరించుకుంటే ఫీజు తిరిగి ఇస్తారు. ప్రణాళిక మారితే ఆ అపాయింట్‌మెంట్ రోజు రాకముందే నిర్ణయించుకోవాలి.

వేలిముద్రలు, ఇంటర్వ్యూ, నిర్ణయం

షెంజెన్ వీసాకు ఇచ్చిన వేలిముద్రలు 59 నెలల పాటు మళ్లీ వాడుకోవచ్చు, 12 ఏళ్ల లోపు పిల్లలు ఇవ్వనక్కరలేదు. కెనడాకు ఇచ్చినవి 10 సంవత్సరాలు చెల్లుతాయి కాబట్టి ఆ లోపు రెండోసారి వెళ్లేవారు ఆ రుసుము కట్టనవసరం లేదు. ఇంటర్వ్యూ ఉంటే అది కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. అమెరికా చట్టం సందర్శకులను అక్కడే స్థిరపడే ఉద్దేశంతో వస్తున్నట్టుగా ముందే భావించి, కాదని నిరూపించే భారాన్ని వారిపైనే పెడుతుంది. అందుకే అడిగిన ప్రశ్నకు సూటిగా, ఫారంలో రాసినదానికి తగ్గట్టు జవాబు చెప్పాలి. బట్టీపట్టిన వాక్యాలు అధికారికి ఇట్టే తెలిసిపోతాయి.

షెంజెన్ దరఖాస్తుపై సాధారణంగా 15 రోజుల్లో నిర్ణయం వస్తుంది, అవసరమైతే 45 రోజుల దాకా పట్టవచ్చు. నిరాకరిస్తే కారణం గుర్తుపెట్టిన ఫారం ఇస్తారు, దానిపై ఆ దేశ చట్టం ప్రకారం అప్పీలు చేయవచ్చు. అమెరికా సందర్శక వీసాకు అప్పీలు లేదు, బ్రిటన్‌లో కూడా సాధారణంగా ఉండదు. మళ్లీ ఫీజు కట్టి కొత్త దరఖాస్తు పెట్టడమే దారి. అవే కాగితాలతో మరుసటి వారమే మళ్లీ పెడితే ఫలితం మారే అవకాశం తక్కువ. నిరాకరణ పత్రంలోని కారణానికి కొత్త ఆధారం దొరికాకే రెండో ఫీజు కట్టాలి.

వీసా వచ్చాక స్టిక్కర్‌పై పేరు, పాస్‌పోర్టు నంబరు, తేదీలు, ఎన్నిసార్లు ప్రవేశించవచ్చన్నది అక్షరం వదలకుండా చూసి, తప్పుంటే వెంటనే తెలియజేయాలి. చెల్లుబాటు కాలం వేరు, ఉండనిచ్చే రోజులు వేరు. షెంజెన్‌లో ఏ 180 రోజుల వ్యవధి తీసుకున్నా 90 రోజులకు మించి ఉండకూడదు, స్టిక్కర్‌పై అంతకన్నా తక్కువ రోజులు ఉంటే అదే పరిమితి. అమెరికాలో వీసా పదేళ్లదైనా, ఎన్నాళ్లు ఉండవచ్చన్నది సరిహద్దు అధికారి ఐ-94 అనే ప్రవేశ రికార్డులో నమోదు చేసే తేదీయే నిర్ణయిస్తుంది. వీసా ఉన్నవారిని కూడా సరిహద్దులో ప్రశ్నించి వెనక్కి పంపే అధికారం ఆ అధికారికి ఉంటుంది. కాబట్టి తిరుగు టికెట్, బస చిరునామా, బీమా పత్రం, ఆహ్వాన లేఖ ప్రతులను చేతిసంచిలోనే ఉంచుకోవాలి; పెద్ద పెట్టె చేతికి అందేది ఆ ప్రశ్నలు ముగిశాకే.